ఆజంజాహి మిల్లు: సర్కారు ముంచిందా, ముందే మునిగిందా?

ఓరుగల్లు పోరడు:
"సర్కారు చేతిలో పడ్డాకే పాడైంది, ప్రైవేటుకిస్తే ఇప్పటికీ నడిచేది" అని మొన్న మా దోస్తు ఒకటే వాదన. వరంగల్‌లో 1934లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పెట్టించి, పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టిన మిల్లు, ఇప్పుడు మూతబడింది. చుట్టూ పత్తి, ఊళ్లోనే నేతగాళ్లు. మీరేమంటారు?

నూలుపోగు:
సర్కారు చేతికి ఎందుకొచ్చిందో చూడండి. 1974 చట్టం పేరులోనే ఉంది, ఖాయిలా మిల్లుల జాతీయీకరణ అని. దేశంలో 103 మిల్లులు అలాగే కేంద్ర సర్కారు సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కు (ఎన్‌టీసీ) చేరాయి. రోగం ముదిరాక ఆస్పత్రికి తెచ్చి డాక్టరే చంపాడంటే ఎలా?

పాత సైడరు:
ఆస్పత్రిలో మందివ్వాలిగా సార్! మందంటే కొత్త మెషీన్లు. నేను వేరే ఊళ్లో ఓ స్పిన్నింగ్ మిల్లులో పన్నెండేళ్లు చేశా. నూలు వడికే మెషీను, అదే రింగ్ ఫ్రేము, అరిగిపోతే పోగు ఊరికే తెగుతుంది. ఈ చివర అతికి తలెత్తేసరికి ఆ చివర నాలుగు తెగి ఉంటాయి. అతికిన చోటల్లా నూలు లావు. మగ్గమెక్కాక మళ్లీ అక్కడే తెగుతుంది. కొన్నవాడు రెండోసారి రాడు.

మగ్గం గుంట:
ఇద్దరూ నేత సంగతి మరిచారు. ఆజంజాహిలో నూలు వడకడమే కాదు, బట్ట కూడా నేసేవాళ్లు. షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు వేసుకున్నవాడికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, అప్పట్లో ఎక్సైజు భారమూ తక్కువే. వాడి రేటుతో పెద్ద మిల్లు ఎక్కడ పోటీ పడుతుంది? 1982లో మిల్లు కార్మికుల సమ్మె తర్వాత బొంబాయి పని కూడా పక్కనే ఉన్న పవర్‌లూమ్‌ల ఊరు భివండి బాట పట్టింది. మన నేత కుటుంబాలు అక్కడా, సూరత్‌లో, షోలాపూర్‌లో ఎన్ని లేవు!

ఓరుగల్లు పోరడు:
మరి పత్తి? ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉందిగా.

పాత సైడరు:
పత్తి బేలు లారీ ఎక్కితే స్పిన్నింగ్ మిల్లులున్న కోయంబత్తూరు ఎంత దూరం బాబూ? పత్తి దగ్గరుంటే కిరాయి మిగులుతుంది, అంతే.

నూలుపోగు:
మెషీన్ల మాట ఒప్పుకుంటా, అక్కడ సర్కారుదే తప్పు. కానీ ప్రైవేటైతే బతికేదన్నది మాత్రం నమ్మను. బొంబాయి లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ప్రైవేటుదే. ఇప్పుడక్కడ మాల్ ఉంది.

మగ్గం గుంట:
పోనీ మాల్‌కైనా జనం వస్తారు :)

ఓరుగల్లు పోరడు:
2017లో గీసుగొండ వైపు మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు కదా. పాత సైడరు గారూ, అక్కడ కొత్త రింగ్ ఫ్రేములు పెడితే మీరు పెట్టుబడి పెడతారా?

పాత సైడరు:
నూలు రేటు చూశాక చెప్తా.