వరంగల్‌లో అగ్నిపర్వతమే లేదు, మరి మన గుట్టలు అగ్నిశిలలు ఎట్లా అయ్యాయి?

మడికొండ నాన్న:
మా పాప ఏడో తరగతి, రకరకాల రాళ్లు ఏరి అట్టకు అంటించి తెమ్మన్నారు. పుస్తకంలో అగ్నిశిల పక్కన నిప్పులు కక్కే కొండ బొమ్మ చూసి "మన మెట్టుగుట్ట కూడా అట్లనే పేలిందా నాన్నా" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఎప్పుడైనా లావా పారిందా? ఆదివారం రామప్ప వెళ్తున్నాం, ఆ ఎర్ర రాయి కూడా ఇదేనా?

గుట్టలెక్కేవాడు:
పాప అసలు ప్రశ్న అడిగింది అన్నా. శిలాద్రవం, అంటే భూమి లోపల కరిగిన రాయి, చల్లారి గట్టిపడితే అదే అగ్నిశిల. మెట్టుగుట్ట పేలలేదు, గ్రానైట్ అయిన శిలాద్రవం బయటికి రానే లేదు. కిలోమీటర్ల లోతున చిక్కుకుపోయి, మీదున్న నేల దుప్పటిలా వేడిని పట్టి ఉంచితే లక్షల ఏళ్లకు చల్లారింది. పాకం నిదానంగా ఆరితే కలకండ పలుకులు పెద్దగా కడతాయి కదా, అట్లనే దీంట్లో గింజలు కంటికి కనిపించేంత పెరిగాయి. మన వైపు గ్రానైట్ చాలావరకు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, ఇన్నేళ్లలో మీదున్నదంతా వానకు, ఎండకు అరిగి కొట్టుకుపోతే ఇది బయటపడింది. కోటలోని ఏకశిల గుట్ట కూడా ఇదే రాయి. ఓరుగల్లు అనే పేరే అందులోంచి వచ్చిందంటారు. భూతద్దం పెట్టి చూపించండి: గాజులా మెరిసేది పలుగురాయి, గులాబీ రంగుదో తెల్లదో ఫెల్డ్‌స్పార్, నల్ల రేకులు అభ్రకం.

రామప్ప గోడల ఎర్ర రాయి మాత్రం ఇసుకరాయి, అగ్నిశిల కాదు. లోపలి నల్ల స్తంభాలు, చూరు కింది మదనికలు (స్త్రీ శిల్పాలు) చూడండి, అవి అగ్నిశిలలు. 1213 నాటి గుడి, ముక్క కోసం గీకనివ్వకండి.

కరీంనగర్ స్లాబులు:
ఆ నల్ల రాయి డోలరైట్. గ్రానైట్ పగుళ్లలోకి తర్వాత ఎక్కిన శిలాద్రవం అది, సన్నటి సందులో తొందరగా చల్లారింది కాబట్టి గింజ సన్నం. పొలాల మధ్య గోడ కూలినట్టు నల్ల గుండ్లు వరుసగా పోతుంటాయి చూడండి, అదే. పిల్లలతో క్వారీకి వెళ్లొద్దు, బ్లాస్టింగ్ ఉంటుంది. గ్రానైట్ షాపులో అడిగితే కోతలో మిగిలిన ముక్కలు ఇస్తారు. బ్లాక్ గ్రానైట్ అని అమ్మేవి నిజానికి గ్రానైట్లు కావు, చాలావరకు ఇట్లాంటి నల్ల రాళ్లే.

పెన్‌గంగ ఒడ్డు:
లావా పారిన రాయి కావాలంటే మా ఆదిలాబాద్ రండి. దక్కన్ లావా 6.6 కోట్ల ఏళ్ల కింద పొర మీద పొర పారింది, మా పత్తి పండే నల్లరేగడి చాలా చోట్ల ఆ లావా గట్టిపడిన నల్ల రాయి, బసాల్ట్, చివికి అయిందే. గాలి బుడగల గుంతలు, వాటిలో తెల్లటి స్ఫటికాలు ఉన్న రాళ్లు దొరుకుతాయి.

మడికొండ నాన్న:
షాపులో రెండు ముక్కలు ఇచ్చారు. పాప గ్రానైట్‌లో గింజలు లెక్కపెడుతూ కూర్చుంది, నల్లదాంట్లో ఒక్కటీ దొరకడం లేదట. బుడగల రాయి ఒకటి బస్సు పార్సిల్‌లో పంపగలరా అన్నా, ఖర్చు నేను పెట్టుకుంటాను.

పెన్‌గంగ ఒడ్డు:
మా చేను గట్టు మీద బోలెడు ఉన్నాయి. రేపే వేస్తాను.