గ్లాస్నర్ గొప్ప కోచా, కప్పుల అదృష్టవంతుడా?

ఎడమకాలు:
ఫుట్‌బాల్ కోచ్ ఆలివర్ గ్లాస్నర్‌ను ఆకాశానికెత్తేవారికి ఒక ప్రశ్న. 2022లో జర్మనీ క్లబ్బు ఫ్రాంక్‌ఫర్ట్‌కు యూరప్ క్లబ్బుల కప్పు యూరోపా లీగ్ తెచ్చాడు. అదే సీజనులో జర్మనీ లీగు బుండెస్‌లిగాలో 11వ స్థానం. 2025లో ఇంగ్లండ్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్‌కు అక్కడి నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్పు తెచ్చాడు. లీగులో 12వ స్థానం. ఏడాదంతా తడబడి, నాలుగు రాత్రులు మెరిస్తే గొప్ప కోచేనా?

ఎర్రనీలం:
ఆ యూరోపా లీగ్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ బార్సిలోనాను వాళ్ల మైదానంలోనే 3-2తో ఓడించడం మెరుపేనా? ప్యాలెస్ 1905లో పుట్టింది, తొలి పెద్ద కప్పు ఈ ఎఫ్‌ఏ కప్పే. మాంచెస్టర్ సిటీతో ఆ ఫైనల్లో 16వ నిమిషం మళ్లీ చూడండి. కుడివైపు నుంచి మునోజ్ ఇచ్చిన బంతిని ఎజె నేల తాకనివ్వకుండానే గోల్లోకి కొట్టాడు. వెనుక ముగ్గురు, అంచుల్లో ఇద్దరు, బంతి చిక్కగానే ముందుకు దూకడం. ఇది నేర్పించినది, కలిసొచ్చినది కాదు.

బెంచీమనిషి:
ఆ ఫైనల్లో ప్యాలెస్ గోల్‌కీపర్ హెండర్సన్ పెనాల్టీ బాక్సు బయట బంతిని చేత్తో తోశాడు. ఎర్ర కార్డు ఇచ్చి ఉంటే ఈ చర్చే లేదు.

ఎడమకాలు:
అదీ లెక్క! ఆ తర్వాత సిటీ ఆటగాడు మర్మూష్ పెనాల్టీని ఆపిందీ ఆ హెండర్సనే. సెవియాలో యూరోపా లీగ్ ఫైనల్లో ఫ్రాంక్‌ఫర్ట్ రేంజర్స్ మీద గెలిచిందీ పెనాల్టీలతోనే. అక్కడ రామ్సీ తన్నిన బంతిని ఆపింది ఫ్రాంక్‌ఫర్ట్ గోల్‌కీపర్ ట్రాప్. గోల్‌కీపర్ల పుణ్యాన్ని కోచ్ ఖాతాలో రాస్తున్నారు.

ఎర్రనీలం:
మీకు ఆయన మీద కోపమెందుకో అర్థం కావడం లేదు. ఆస్ట్రియా క్లబ్బు లాస్క్‌ను 2017లో పై డివిజనుకు చేర్చి, 2019లో రెండో స్థానంలో నిలిపాడు. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌ను 2021లో నాలుగో స్థానానికి, చాంపియన్స్ లీగుకు తీసుకెళ్లాడు. లీగులు మీకు కనిపించవా?

ఎడమకాలు:
నాకు కనిపిస్తాయండీ, మీకే కనిపించవు! ఆ నాలుగో స్థానం గురించి ఇన్నేళ్లలో ఇక్కడ ఒక్కరైనా రాశారా? నేను ఒక కాలేజీ జట్టుకు తొమ్మిదేళ్లు శిక్షణ ఇచ్చాను. ఏటా లీగులో మూడో స్థానానికి తగ్గలేదు. నెలరోజుల కోసం వచ్చిన ఒకాయన నాకౌట్ టోర్నీ గెలిపించాడు. ఆఫీసు గోడ మీద ఆయన ఫోటో ఉంది. నాది నోటీసు బోర్డు మీద కూడా లేదు.

ఎండలోసీటు:
అయితే ఈ చర్చ గ్లాస్నర్ గురించి కాదన్నమాట.

ఎర్రనీలం:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ గ్లాస్నర్ ఆటగాడిగా దాదాపు జీవితమంతా ఆస్ట్రియాలోని రీడ్ జట్టులోనే గడిపాడు. పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు. 1998లో, 2011లో ఆ జట్టు ఆస్ట్రియా కప్పు గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఆ 2011లోనే తలకు దెబ్బ తగిలి, మెదడులో రక్తస్రావమై, ఆపరేషనుతో ఆట ముగిసింది. అలాంటి ఊళ్లో ఏడో స్థానమా తొమ్మిదో స్థానమా అని మనవడికి ఎవరు చెప్పుకుంటారు? కప్పు ఊరేగిన రోజే చెప్పుకుంటారు.

ఎడమకాలు:
చెప్పుకునేది చూసేవాళ్లు. వానలో కోన్లు పాతేవాడి గురించి నేను మాట్లాడుతున్నాను.

ఎర్రనీలం:
నేను చూసేవాడినే. దాచుకోవడానికి ఏముంది?

బెంచీమనిషి:
హెండర్సన్ చెయ్యి సంగతి ఎవరూ తేల్చలేదు.