«అడిగిన దను మగుడ...» తర్వాత నుడుగడా, నుడువడా?

మేఘమాల: మెదడులో నాడీకణాల వలస మీద వ్యాసం రాస్తున్నాను. పిండదశలో లోపలి గోడ దగ్గర పుట్టిన కణం పైపొరకు ఏకధాటిగా నడిచిపోదు. ముందుకు ఒక కొమ్మ చాస్తుంది, కణంలోని సన్నని గొట్టాలకు మూలస్థానమైన సెంట్రోసోమ్ అందులోకి జరుగుతుంది, వెనకబడిన కేంద్రకం కాసేపటికి ఒక్క ఉదుటున దాన్ని అందుకుంటుంది. మళ్లీ ఆగుతుంది. అప్పటి నుంచీ గజేంద్రమోక్షంలో విష్ణువు వెంట లక్ష్మి తడబడుతూ నడిచే పోతన పద్యం, «నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్», నాలుక మీదే ఉంది. పద్యాన్ని వ్యాసం తలమీద పెడదామంటే రెండో పాదం «అడిగిన దను మగుడ ... నడ యుడుగున్» దగ్గర చిక్కు. నడుమ ఉండవలసింది «నుడుగడని»యా, «నుడువడని»యా?

పాతసంచిక: నుడువడని. అడిగితే తిరిగి పలకడేమోనని నడక ఆపింది. ఇందులో చర్చ ఏముంది?

గురులఘువు: ఉంది. నుడుగు అన్నా పలకడమే. వెంటనే «నడ యుడుగున్» వస్తుంటే చెవిలో ఆ మోత మోగించకుండా పోతన ఊరుకుంటాడా?

చిన్నమేడ: మగుడన్ + ఉడుగడు అని విడదీస్తే? «అడిగినా ఆగడు» అని. ఏనుగు కోసం పరుగెత్తేవాడికి అదే నప్పుతుంది.

పాతసంచిక: అప్పుడు «మగుడ»ను ఎక్కడ కూర్చోబెడతారు? తిరిగి ఆగడమా?

గురులఘువు: ఛందస్సును మాత్రం సాక్ష్యానికి పిలవకండి. గ అయినా వ అయినా నాలుగు లఘువుల నలగణమే. యతి «అని»లోని అకారానికి, ప్రాస డకు.

కణజాలం: మేఘమాల గారూ, ముందు తడబాటు ఎవరిదో తేల్చండి. ఆ గొట్టాల మీద నడిచే మోటారు ప్రోటీన్లలో కైనేసిన్-1ది 8 నానోమీటర్ల అడుగు, లెక్క తప్పదు. మరో మోటారు డైనీన్ అడుగు పొడవు మారుతుంది, ఒక్కోసారి వెనక్కీ పడుతుంది. కేంద్రకాన్ని సెంట్రోసోమ్ వైపు లాగేది అదే కాబట్టి «తడబడ నడుగిడు» డైనీన్‌దే. దానికి ఊతమిచ్చే ప్రోటీన్ లిస్1. 1993లో గుర్తించిన దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పోయినా మెదడు ముడతలు పడక నున్నగా మిగులుతుంది.

చిన్నమేడ: మరి «జడిమ» కైనేసిన్-5. కణవిభజనకు ఉండవలసిన ప్రోటీన్, విభజన మానేసిన నాడీకణంలోనూ తిష్ఠ వేస్తుంది. దాన్ని అణిస్తే కణం వేగం పెరుగుతుంది.

గురులఘువు: జడిమను బ్రేకు చేశారా! అది మ్రాన్పాటు. ఆ పద్యంలో ఆమె కాళ్ల కన్నా మనసే ఎక్కువ ఆగుతోంది.

పాతసంచిక: అసలు కొంగు సంగతి మరిచారు. «సిరికిం జెప్పడు» పద్యంలో స్వామి లక్ష్మి చేలాంచలం వదలకుండానే బయల్దేరాడు. ఆమె కదిలింది ఆ లాగుడుకే. డైనీన్ అంటే ఆ కొంగు.

కణజాలం: కొంగు ఒక్కటే చాలదు. కణాన్ని బిగించే మోటారు ప్రోటీన్ మయోసిన్-2ను ఆపితే కేంద్రకం ఉన్నచోటే నిలిచిపోతుంది, సెంట్రోసోమ్ మాత్రం ముందుకు సాగుతూనే ఉంటుంది. వెనక నుంచి నొక్కేవాళ్లూ కావాలి.

పాతసంచిక: ఉన్నారుగా! «తన వెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్». వెనక అంతఃపురమంతా ఉంది. భాగవతంలో ఈ మూడు పద్యాలూ చదవనిదే ఈ పోలిక జోలికి వెళ్లకూడదు.

మేఘమాల: మూడూ చదివాను. గ పెట్టాలా, వ పెట్టాలా?

గురులఘువు: గ.

పాతసంచిక: వ. వ్యాసం అచ్చయ్యాక పంపండి, అవరోధవ్రాతం మీద నాకింకా చెప్పవలసింది ఉంది.