‘ల దెజెర్తర్’ పాట సైనికులను అవమానించిందా?

కృష్ణాతీరం:
బోరిస్ వియన్ 1954లో రాసిన ఫ్రెంచి పాట ఇది. పేరుకు అర్థం ‘సైన్యం నుంచి పారిపోయినవాడు’ అని. యుద్ధానికి రమ్మని కాగితాలు అందుకున్న ఒకతను దేశాధ్యక్షుడికి రాసే ఉత్తరం. పేదవాళ్లను చంపడానికి నేను పుట్టలేదు, రాను అంటాడు. గాయకుడు ములూజి దీన్ని మొదట పాడింది ఆ ఏడాది మే 7న. వియత్నాంలో ద్యెన్ బ్యెన్ ఫూ సైనిక స్థావరం ఫ్రాన్స్ చేజారిందీ ఆ రోజే. మరుసటి ఏడాది పారిస్ నగర కౌన్సిలర్ పాల్ ఫాబెర్ దీన్ని నిషేధించాలని పట్టుబట్టాడు, రేడియోలో ఆపేశారు. అది అన్యాయమని నా అభిప్రాయం. సైనికుణ్ణి తిట్టిన మాట పాటలో ఒక్కటీ లేదు.

ఫౌజీకొడుకు:
తిట్టలేదు సరే. కొడుకు శవం కూడా ఇంటికి రాని తల్లి ఆ వారం ఈ పాట వింటే ఎలా ఉంటుందండీ? వెళ్లినవాడిదే తప్పు అన్నట్టు ఉండదూ? వియన్ కచేరీల్లో మాజీ సైనికులు గొడవ చేశారంటే వాళ్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. మా నాన్న కూడా ఫౌజీయే. ఇంకోటి, ఇండోచైనాకు, అంటే వియత్నాం ఉన్న ఆ వలస ప్రాంతానికి, ఫ్రాన్స్ నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్లను పంపలేదు. వెళ్లినవాళ్లు ఇష్టపడి చేరినవాళ్లు, వలస దేశాల సైనికులు. మరి ఈ కాగితాలు ఎవరికి వచ్చినట్టు?

కృష్ణాతీరం:
మంచి ప్రశ్న. పాట ఏ యుద్ధం పేరూ చెప్పదు. అది నిజంగా తగిలింది అల్జీరియా యుద్ధంలో, ఫ్రాన్స్ పాలన నుంచి అల్జీరియా స్వాతంత్ర్యం కోసం జరిగిన పోరులో. సేవ ముగించుకుని ఇళ్లకు చేరినవాళ్లను 1955లో మళ్లీ పిలిచారు. సెప్టెంబరులో పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్లో వాళ్లు రైలెక్కమని మొరాయించారు. సర్కారు టెన్షన్ అదీ. తల్లుల బాధ గురించి కాదు.
పైగా, పాటలో మనిషికి యుద్ధం కొత్త కాదు. ఖైదీగా ఉండి వచ్చాడు, ఆ రోజుల్లోనే భార్యను పోగొట్టుకున్నాడు. తండ్రి చావు చూశాడు. అతనూ మాజీ సైనికుడే కదండీ! ఫాబెర్‌కు రాసిన బహిరంగ లేఖలో, ఇది సైన్య వ్యతిరేక గీతం కాదు, గట్టిగా పౌరుల పక్షాన నిలిచిన గీతం అని వియన్ స్వయంగా చెప్పాడు.

మధురవాణి:
ముగింపు గురించి ఎవరూ మాట్లాడరేం? మొదట రాసినప్పుడు, నా దగ్గర ఆయుధముంది, కాల్చడం తెలుసు అని ఉండేది. ములూజి ఒప్పుకోలేదు. నా చేతిలో ఆయుధముండదు, పోలీసులు కాల్చుకోవచ్చు అని మారింది. ఆ మార్పే పాటను నిలబెట్టింది. పాత ముగింపే ఉంటే ఫాబెర్ మాటకు బలం ఉండేది. చంపనన్నవాడు చంపుతానని బెదిరిస్తే ఎవరు నమ్ముతారు?

ఫౌజీకొడుకు:
ముగింపు విషయంలో మీతో ఏకీభవిస్తాను మధురవాణి గారూ. అతను యుద్ధం చూసినవాడన్నదీ కాదనను. రేడియోలో ఆపడం తప్పే. కానీ ఎక్కడ పాడుతున్నామన్నది ముఖ్యం. 1999 మే 8న ఫ్రాన్స్‌లోని మోంలుసోన్ ఊళ్లో, యుద్ధ విజయాన్ని తలుచుకునే సభలో స్కూలు పిల్లలతో ఈ పాట పాడించినందుకు ప్రధానోపాధ్యాయురాలిని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ మరీ ఎక్కువ, అది నేను సమర్థించను. అయితే మే 8 అంటే 1945లో హిట్లర్ సేనలు లొంగిపోయిన రోజు. యుద్ధానికి పోను అని ఆనాడు అందరూ అనుంటే ఆ సభే ఉండేది కాదు. దీనికి జవాబు చెప్పండి.