మేనరికాలపై డిగ్రీ ప్రాజెక్టు: రక్త నమూనాలు తీయక తప్పదా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): అందరికీ నమస్కారం. నేను మానవశాస్త్రంలో నాలుగో సంవత్సరం డిగ్రీ చదువుతున్నాను. జైవిక మానవశాస్త్రంలో ప్రాజెక్టుకు అంశాన్ని నన్నే ఎంచుకోమని మా గైడ్ మేడమ్ గారు చెప్పారు. గుణుపురం వైపు సవర గ్రామాలలో రక్త నమూనాలు సేకరించి సికిల్‌సెల్ రక్తహీనతను పరిశీలించాలని నా కోరిక. నాలుగు నెలల గడువు సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. రక్తం తీయడానికి శిక్షణ పొందినవారు, పరీక్షించడానికి ప్రయోగశాల, జబ్బు బయటపడినవారికి వైద్యం చూపించే దారి, వీటన్నిటికంటే ముందు ఎథిక్స్ కమిటీ (మనుషులపై చేసే పరిశోధన వల్ల వారికి హాని జరగకుండా చూసే సంఘం) అనుమతి కావాలి. మీ వీధిలోని తెలుగు కుటుంబాల మేనరికాలను తీసుకుంటే సూది అక్కరలేదు గానీ, కమిటీ అనుమతి సంగతి మాత్రం మేడమ్ గారిని మొదటి రోజే అడగండి.

మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్ళి జరిగితే పుట్టే బిడ్డకు అంతఃప్రజనన గుణకం 1/16. అక్క కూతురిని మేనమామకే ఇస్తే 1/8. అంటే ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం అంత ఉంటుందని అర్థం. ఈ లెక్క ఎవరైనా వేస్తారు. చిక్కంతా మన వరసలతోనే. నేను నా ప్రాజెక్టులో "మీది మేనరికమా?" అని అడిగి, అవునన్న ప్రతి జంటకూ వంశవృక్షంలో రక్తసంబంధీకుల పెళ్ళికి గుర్తుగా జంట గీత గీసేశాను. మా గైడ్ గారు ఒక కాగితం పైకి తీసి, "ఈవిడ అత్తగారూ ఈవిడ తండ్రీ ఒక తల్లి కడుపున పుట్టినవారేనా?" అన్నారు. మళ్ళీ వెళ్ళి అడిగితే, అది వరసకు మాత్రమే మేనరికమని, రక్తసంబంధం ఏమీ లేదని తేలింది. ఆ వారమంతా తిరిగిన ఇళ్ళకే తిరిగాను. అందుచేత తాతముత్తాతల పేర్లు రాసుకోకుండా ఏ ఇంటి నుంచీ లేవకండి.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నయ్య గారూ. అంగీకార పత్రం తెలుగులో ఉంటే చాలా? పోయిన పిల్లల గురించి కూడా అడగాలా?

జవాబు: చాలదు. మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా మాత్రమే చదువుకున్నవారు ఎందరో ఉన్నారు కాబట్టి రెండు లిపులలోనూ అచ్చు వేయించండి. చదవలేనివారికి చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోండి. పిల్లల మరణాల ప్రశ్న మీ పరిశోధనకు నిజంగా అవసరమో కాదో మేడమ్ గారితో తేల్చుకోండి. అవసరమైతే మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం అడగకండి, అత్తగారి ఎదుట అసలే వద్దు. మేనరికం వల్లనే బిడ్డ పోయిందన్న మాట మీ నోటి నుంచి వచ్చిందని రేపు ఆ ఇంట్లో కోడలిని అంటారు.