అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఫిలడెల్ఫియా ఈగల్స్ డిఫెన్సివ్ లైన్ (ముందు వరసలో ప్రత్యర్థిని ఆపేవాళ్లు) 2025 సీజన్‌లోనూ అదరగొడుతుందా?

2025 ఫిబ్రవరి 10న తెల్లవారుజామున కూకట్‌పల్లి రూమ్‌లో అందరం లేచి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) చూశాం, ఒక్క బ్లిట్జ్ (అదనపు ఆటగాళ్లతో దాడి) కూడా లేకుండా మనోళ్లు చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మహోమ్స్‌ని 6 సార్లు సాక్ చేసి, అంటే బంతి విసిరేలోపే పడగొట్టి, 40-22తో గెలిచారు. ఆ తర్వాతేమో మన లైన్‌లోని జోష్ స్వెట్ కార్డినల్స్ టీమ్‌కి, మిల్టన్ విలియమ్స్ పేట్రియట్స్ టీమ్‌కి వెళ్లిపోయారు. నాకైతే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: లైన్ మధ్యలో జాలెన్ కార్టర్, జోర్డన్ డేవిస్ ఉన్నారు కదా బ్రో. కార్టర్‌ని ఆపడానికి ఇద్దరు కావాలి, దాంతో పక్కవాళ్లకి దారి దొరుకుతుంది.

జవాబు 2: దారి దొరికితే సరిపోదు అన్నా, దూరి పట్టుకునేవాడు కావాలి. ఆ 6 సాక్‌లలో నాలుగున్నర స్వెట్, విలియమ్స్‌లవే!

జవాబు 3: లైన్ అంచున ఆడే నోలన్ స్మిత్‌ని మర్చిపోయారా? ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ మ్యాచ్‌లు) 4 సాక్‌లు చేశాడు, ట్రైసెప్స్ (చేతి కండరం) గాయం నుంచి పూర్తిగా కోలుకుంటే నాకు భయం లేదు, పైగా ప్లాన్ వేసేది డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో.