మంచుకు కారు మీద తెల్లటి మచ్చలు: సీలెంటా, సిరామిక్ పూతా?

మాది అమలాపురం దగ్గర పల్లె. ఆరేళ్ల నాటి ముదురు నీలం కారు. షెడ్డు లేదు, రాత్రంతా ఆరుబయటే, కొబ్బరి చెట్లకు కాస్త ఎడంగా. (కాయ పడితే రంగు గురించి బెంగే అక్కర్లేదు.)

కిందటి డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి బానెట్, పైకప్పు మంచుకు తడిసి ముద్దయ్యేవి. ఎనిమిదింటికి ఎండ తగలగానే ఆరిపోయి, శనగగింజంత తెల్లటి వలయాలు మిగిలేవి. వేలితో తడిమితే అంచు గరుగ్గా తగులుతుంది. మా బోరు నీరు ఉప్పన. దాంతో కడిగితే మచ్చలు పెరిగాయే గాని తగ్గలేదు.

తర్వాత మంచినీళ్లతో, కారు షాంపూతో కడిగాను. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, నీడలో రెండు నిమిషాలు తడిగుడ్డ వేసి ఉంచితే సగం పోయాయి. అంతకుముందు అక్టోబరులో మెరుపుకి, రక్షణకి పూసిన కార్నూబా మైనం (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసేది) ఆరు వారాలకే పనిచేయడం మానేసింది, నీరు పూసలు కట్టడం లేదు. డబ్బా మీద మాత్రం మూడు నెలలని ఉంది! కవరు కప్పి చూశాను. లోపల చెమ్మ చేరింది, గాలికి రాసుకుని సన్నటి గీతలు కూడా పడ్డాయి. ఆ డబ్బు దండగ.

ఈసారి నవంబరు వానలు తగ్గగానే పాలిష్ పట్టించి మిగిలిన మచ్చలు తీయిస్తాను. ఖర్చు అయిదు వేలు దాటకూడదు. ఆరుబయట ఉండే ఈ కారుకు ఫిబ్రవరి దాకా నిలవాలంటే ఇంట్లో పూసుకునే సింథటిక్ సీలెంట్ (మైనం బదులు రంగు మీద పూసే కృత్రిమ రక్షణ పూత) సరిపోతుందా, లేక సిరామిక్ పూతే (రంగు మీద గట్టిపడి అంటుకునే ద్రవ పూత) వేయించాలా?